వేరే పద్దు

మే పన్నెండు. చిట్టినగర్ నుంచి కొండకి నూట పద్నాలుగు మెట్లు.
నడుముకి బిల్లింగ్ మిషను, మెడలో తడి తువ్వాలు.
బిల్లుకి నాలుగు రూపాయలు నా కూలి.
అరవయ్యో మెట్టుకి తువ్వాలు ఆరిపోతుంది.

ఈ కొండ పగలంతా ఎండ తాగి
రాత్రికి రేకుల ఇళ్ళలోకి కక్కుతుంది.
బ్యారేజీ మీంచి గాలొస్తుందంటారు,
అది దారిలో డాబాల దగ్గరే దిగిపోతుందేమో.
రోహిణి కార్తె ఇంకా రానేలేదు.
రోళ్ళకంటే ముందు మనుషులు పగులుతారని
ఎవరూ సామెత కట్టలేదు.

ఈ ఏడు ప్రభుత్వం ఒక మాటిచ్చింది:
అరవై అయిదు దాటినవాళ్ళు, వేసవి మూడు నెలలూ
డెబ్బై అయిదు యూనిట్ల లోపు వాడుకుంటే
బిల్లులో ముప్పాతిక మేమే కడతాం.
ఒక్క యూనిట్ ఎక్కువైతే మొత్తం మీదే.
ఆధార్ కార్డుల్లో ఈ కొండమీది ముసలాళ్ళందరూ
జనవరి ఒకటినే పుట్టారు కాబట్టి
వయసులు తేల్చడం సులువయింది.

గంటా సువార్తమ్మకి కూలరుంది.
వన్‌టౌన్‌లో సెకండ్‌హ్యాండ్‌ది, పద్నాలుగు వందలకి కొంది.
ఇప్పుడు దానిమీద బైబిలు, మందుల డబ్బా, దువ్వెన.
పక్క గోడ మీద బొగ్గు గీతలు,
కూలరు తిరిగిన గంటకొకటి.
ఏప్రిల్ వరసలో పద్దెనిమిది.
మే వరసలో నాలుగు.
"మరి మధ్యాన్నాలు ఎట్టాగమ్మా?"
"గోనె తడుపుకుని కప్పుకుంటా. ముందు ఎంతొచ్చిందో చెప్పు."
"డెబ్బై మూడు."
"హమ్మయ్య" అంది,
గోడ దూకి దొరక్కుండా వచ్చిన పిల్లలాగ.

ఆఫీసులో హైమావతి గారు లెక్క కడుతున్నారు.
కేటాయింపు ఇంత, ఖర్చు ఇంత,
మిగులు కింద ఎర్రపెన్నుతో రెండు గీతలు.
"మన సెక్షను బాగా పొదుపు చేసిందని పైవాళ్ళు మెచ్చుకున్నారయ్యా."
చేసింది మనం కాదండీ అన్నాను.
ఆవిడ కళ్ళజోడు తీశారు.
చెడ్డమనిషి కాదు. ఆవిడ ఫ్యాను కూడా రెండులోనే తిరుగుతుంది.
"ఆ డబ్బు ఊరికే రాదు కదా కోటిలింగం.
నా జీతంలో కోసింది, నువ్వు బండికి పోయించిన పెట్రోల్లోది,
ఆ సువార్తమ్మ కొన్న సబ్బుబిళ్ళలోది కూడా.
ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి."
నిజమే. నా దగ్గర జవాబు లేదు.
గీత గియ్యాలి.
ఆవిడా బొగ్గుతో అదే పని చేస్తోంది.

ఇరవై మూడో తారీకు 108 కొండ కింద ఆగింది.
స్ట్రెచరు ఈ మెట్లెక్కదు.
నలుగురు కుర్రాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దింపారు.
చెప్పులు పైనే ఉండిపోయాయి.
పెద్దాసుపత్రిలో ఆరు రోజులు, పదకొండు సెలైన్లు,
రక్తపరీక్షలు, మూత్రపిండాలకి ఏదో ఖరీదైన ఇంజెక్షను.
"మొత్తం ఎంతయ్యుంటుంది?" అనడిగాను కౌంటర్లో.
"ఏం లేదు, ఫ్రీ" అన్నాడు తలెత్తకుండా.

హైమావతి గారికి చెప్పాను.
చాలాసేపు కాలిక్యులేటరు మీద వేళ్ళుంచి
ఏదీ నొక్కలేదు.
"అది హెల్తు వాళ్ళది. వేరే పద్దు" అన్నారు చివరికి,
నాకు కాదు, కాగితానికి చెప్పినట్టు.

జూన్ రీడింగుకి మళ్ళీ నూట పద్నాలుగు మెట్లు.
సువార్తమ్మ గుమ్మంలో కూర్చునుంది,
సూది గుచ్చిన చోట ఇంకా నల్లమచ్చ.
మిషను కాగితం బయటికి తోసింది. అరవై ఒకటి.
"చూశావా, ఈసారి ఎంత తక్కువొచ్చిందో!"
ఆ ఆరు రోజులూ ఇల్లు తాళమేసుందని నేననలేదు.
కాగితాన్ని సాపు చేసి, కూలరు మీద
పాత బిల్లులపైన పెట్టింది.
అవన్నీ రేకు వేడికి నల్లబడిపోయాయి,
ఒక్క అంకె కూడా కనపడదు.

పై ఇంటి మీటరుకి ఇంకో పన్నెండు మెట్లు.